గాలి ముందు వస్తుంది, వాన తర్వాత: దక్షిణ తెలంగాణ జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల కలెక్టర్లకు,

విషయం: ఈదురుగాలి హెచ్చరికను వాన హెచ్చరిక నుంచి విడదీసి ఊళ్లకు పంపడం, మబ్బును చూసి గాలిని గుర్తుపట్టడం ప్రతి వడ్ల కొనుగోలు కేంద్రంలో నేర్పడం గురించి.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు మీరే అధ్యక్షులు. హెచ్చరిక తయారుచేయడం వాతావరణ శాఖ పని. దాన్ని ఊరికి అర్థమయ్యేలా చేర్చడం మీ చేతిలో ఉన్న పని. తప్పు జరుగుతున్నది ఈ రెండో మెట్టు దగ్గరే కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాం.

మార్చి నుంచి జూన్ దాకా ఫోన్లకు చేరే సందేశం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది: “జిల్లాలో అక్కడక్కడ ఉరుములు, మెరుపులు, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులతో కూడిన తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు.” చదివినవాళ్ల మనసులో నిలిచేది చివరి మాట, వర్షాలు. అది కూడా తేలికపాటివని ఉంది. ఇక అందరూ చినుకు కోసం చూస్తారు. మొదటి చినుకు పడగానే వడ్ల మీదికి పరదా లాగడానికి ఉరుకుతారు, షెడ్డు కిందికో గోడ చాటుకో చేరతారు. కానీ ఈ మబ్బుల్లో గాలి వానతో కలిసి రాదు. వాన కంటే పది నిమిషాల నుంచి అరగంట ముందే వస్తుంది. చినుకు పడేసరికి అసలు దెబ్బ పడి ఉంటుంది, లేదా పడుతూ ఉంటుంది. తలదాచుకోవడానికి వెళ్లిన చోటే ప్రాణం పోవడానికి సగం కారణం ఇదే.

2024 మే 26 ఆదివారం నాటి గాలివానకు నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. కొత్తగా కట్టిన గోడ గాలికి ఎట్లా పడుతుందని చాలామంది ఆశ్చర్యపోతారు. లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం పోయి భయం పుడుతుంది. గాలి ఒత్తిడి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలి తనకు అడ్డంగా నిలిచిన ప్రతి చదరపు మీటరును ఏడెనిమిది కిలోల బరువుతో నెడుతుంది. 60 దగ్గర అది 17 కిలోలు. 80 దగ్గర 30 కిలోలు. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలు. ఇప్పుడు మూడు మీటర్ల ఎత్తు గోడ తీసుకోండి: పైన స్లాబు లేదు, రేకు లేదు, అడ్డగోడ లేదు, సిమెంటు ఇంకా పచ్చిగా ఉండి పట్టు రాలేదు. అప్పుడు దాన్ని నిలబెట్టేది దాని సొంత బరువు ఒక్కటే. ఆరంగుళాల ఇటుక గోడయితే గంటకు 50 కిలోమీటర్లు దాటిన విసురుకే ఒరిగిపోతుంది. తొమ్మిదంగుళాల గోడయితే 75, 80 మధ్య. అంటే “తేలికపాటి వర్షాలు” అన్న సందేశంలో రాసి ఉన్న 50 అన్న అంకె, కట్టుబడిలో ఉన్న ఒంటి గోడను పడగొట్టడానికి సరిపోతుంది. ఆ అంకె వాక్యం మధ్యలో ఎక్కడో కలిసిపోయి కనబడకుండా ఉంది.

గాలి ముందు ఎందుకు వస్తుందో తెలిస్తే ఏ మబ్బుకు భయపడాలో కూడా తెలుస్తుంది. ఎండాకాలంలో మన దగ్గర మబ్బు అడుగు చాలా ఎత్తున ఉంటుంది. దాన్ని ఎవరైనా లెక్కగట్టవచ్చు: గాలి ఉష్ణోగ్రతలో నుంచి మంచు బిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) తీసేసి, వచ్చిన ప్రతి డిగ్రీకి 125 మీటర్లు వేసుకోవాలి. మే నెలలో 41 డిగ్రీల ఎండ, 17 డిగ్రీల మంచు బిందువు ఉంటే తేడా 24, మబ్బు అడుగు మూడు కిలోమీటర్ల పైన. అదే భాద్రపదంలో 31, 23 ఉంటే ఒక్క కిలోమీటరే. మూడు కిలోమీటర్ల పొడిగాలిలోంచి వాన కిందికి దిగుతుంటే చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. కిలో గాలిలో ఒక్క గ్రాము నీరు ఆవిరైనా ఆ గాలి రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి బండలా కిందికి పడుతుంది, నేలకు తగిలి నీళ్లు ఒలికినట్టు నలువైపులా పరుచుకుంటుంది. ఆ పరుచుకునే చల్లగాలి అంచే మనం గాలిదుమారం అనేది. మబ్బు కంటే, వాన కంటే అది పది పదిహేను కిలోమీటర్లు ముందు నడవగలదు. కాబట్టి మేలో మన జిల్లాల్లో వాన ఎంత తక్కువ పడితే గాలి అంత తక్కువని అనుకోవడం తప్పు. నాలుగు చినుకులు పడి పోయిన రోజే రేకులు లేచిపోవడం అందరూ చూసిందే. ఆ నీళ్లు పైనే ఆవిరై గాలిగా దిగాయి.

అందుకని మబ్బు నలుపును బట్టి గాలిని అంచనా వేయకూడదు. ఇది అందరికీ చెప్పాల్సిన మొదటి మాట. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నప్పుడు ఆకాశమంతా ఒకే బూడిద రంగు మొగులు కమ్ముకొని, పొద్దంతా ముసురు పట్టి, మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సి వస్తుంది. చూడ్డానికి భయంగా ఉన్నా ఆ పొర మబ్బులో ఉన్నట్టుండి విరుచుకుపడే గాలి ఉండదు. అక్కడి ప్రమాదం వేరు: నేల నానిపోయి, మామూలు గాలికే చెట్లు వేళ్లతో సహా ఒరిగిపోతాయి. ఇంకోవైపు, మే సాయంత్రం ఎత్తున తెల్లగా ఉన్న మబ్బుల కింద బూడిద రంగు కుచ్చులు వేలాడుతూ నేల చేరకముందే మాయమవుతుంటాయి. అవి దారిలోనే ఆవిరయ్యే వాన. వెలుతురు బాగానే ఉంటుంది, ఉరుము కూడా ఉండకపోవచ్చు, ఎవరూ పట్టించుకోరు. ఆ కుచ్చుల కింద నుంచే పొడి విసురు దిగుతుంది. వడ్లు ఆరబోసిన కల్లాలకు అన్నిటికంటే మోసకారి మబ్బు ఇదే.

వాతావరణ శాస్త్రం మబ్బులను పది జాతులుగా విడదీసింది. ఈ పేర్లకు మూలం 1802లో లండన్‌లో ల్యూక్ హోవార్డ్ చేసిన వర్గీకరణ. ఇప్పుడు ప్రపంచ వాతావరణ సంస్థ మబ్బుల అట్లాసు దాన్ని నిర్వహిస్తున్నది. పదీ ఊళ్లో నేర్పాల్సిన పని లేదు. గాలి కోసం చూసేవాళ్లకు నాలుగైదు చాలు. పొద్దున్నే చూడాల్సింది మధ్య ఎత్తులో వరుసగా లేచిన బురుజుల మబ్బు. అడుగు చదునుగా, పైన కోట బురుజుల్లా చిన్న చిన్న పొడుపులు ఉంటాయి. ఎనిమిది గంటలకు ఇవి కనబడితే పై గాలి నిలకడగా లేదని అర్థం, మధ్యాహ్నం తర్వాత ఉరుముల మబ్బు కట్టే అవకాశం బలపడుతుంది. ఎండ పొద్దుకు మామూలు దూది మబ్బులు వస్తాయి. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉంటే నిశ్చింత. ఎత్తు వెడల్పును దాటి, పైభాగం గోబీ పువ్వులా గట్టి అంచులతో ఉబ్బుతుంటే, పది నిమిషాలకోసారి చూసినా పెరుగుదల తెలుస్తుంటే, అది అరగంట నుంచి గంటలోపు క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బుగా మారవచ్చు. మారిందని ఎట్లా తెలుస్తుంది? గోబీ పువ్వు అంచు కరిగి పీచుపీచుగా అవుతుంది. పైన మంచు కట్టిందన్నమాట. తర్వాత తల చదునై కమ్మరి దాగలిలా ఒక పక్కకు సాగుతుంది. మన ఎండాకాలపు క్యుములోనింబస్ తల 12 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది.

దాగలి కింద ఆవు పొదుగుల్లా వేలాడే మబ్బులను చూసి జనం ఎక్కువ భయపడతారు, ఫొటోలు తీస్తారు. అవి ఆ మబ్బు ముదిరిందని చెప్పే గుర్తులే తప్ప, గాలి వాటి నుంచి దిగదు. చాలాసార్లు గాలి పోయాక కనబడతాయి. భయపడాల్సింది కిందనున్న దానికి: మబ్బు ముందు భాగంలో, నేలకు దగ్గరగా, అరుగులా పొడవుగా సాగిన నల్లని చాప. దాని కింద ఎర్రటి దుమ్ము గోడ లేచి ఉంటే గాలి అంచు అక్కడే ఉంది. అది కనబడ్డాక చేతిలో ఉండేది నిమిషాలే. ఇంకొక గుర్తు ఒంటికి తెలుస్తుంది. అంతదాకా మబ్బు వైపు వెళ్తున్న వెచ్చని గాలి ఆగిపోతుంది, ఆకు కదలదు, ఆ తర్వాత మబ్బు వైపు నుంచి చల్లని గాలి మొదలవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని “గాలి తగ్గింది” అనుకొని పరదా కట్టడం ఆపేయకూడదు. అప్పుడు మిగిలిన పని వదిలేసి మనుషులు లోపలికి పోవాలి.

పొద్దున్నే చూడాల్సిన బురుజుల మబ్బు మధ్య ఎత్తుది, కానీ ఉన్నత మబ్బులనూ మధ్య మబ్బులనూ కలిపేసుకునే పొరపాటు ఎక్కువ. దానికి తేలిక పరీక్ష ఉంది. మబ్బు నేల అంచుకు దగ్గరగా కాక ఆకాశంలో బాగా పైకి ఉన్నప్పుడు చేయి పూర్తిగా చాపి వేళ్లు అడ్డం పెట్టాలి. మబ్బు తునకలు చిటికెన వేలి వెడల్పులో దాక్కుంటే ఉన్నత మబ్బు. చిటికెన వేలి కంటే పెద్దగా, మూడు వేళ్లకు లోపల ఉంటే మధ్య మబ్బు. మూడు వేళ్లు దాటితే కింది మబ్బు.

అదే చేయి దూరాన్ని కూడా కొలుస్తుంది. చాపిన చేతి పిడికిలి వెడల్పు ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. మబ్బు తల 14 కిలోమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, నేల అంచు నుంచి తల దాకా ఒక్క పిడికిలి పడితే మబ్బు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండు పిడికిళ్లు పడితే 40కి కొంచెం తక్కువ. మూడైతే 24. కొలవాల్సింది గట్టి స్తంభాన్ని, ముందుకు సాగిన దాగలి అంచును కాదు. దాగలిని కొలిస్తే మబ్బు ఉన్నదానికంటే దగ్గర అనిపిస్తుంది. మబ్బు గంటకు 40 కిలోమీటర్లు నడుస్తూ, గాలి అంచు దానికి పది కిలోమీటర్లు ముందుంటే, ఒక్క పిడికిలి దగ్గర మనకు గంటా నలభై అయిదు నిమిషాల సమయం ఉన్నట్టు. రెండు పిడికిళ్ల దగ్గర నలభై నిమిషాలు. మూడు దగ్గర ఇరవై. మబ్బు మన వైపే వస్తున్నదా అన్నది ఇంకో ప్రశ్న. ఒక స్తంభాన్నో చెట్టునో గుర్తు పెట్టుకొని నిలబడి పది నిమిషాలు చూడాలి. మబ్బు కుడికో ఎడమకో జరుగుతుంటే పక్కనుంచి పోతుంది. ఒకే దిక్కున ఉండి ఎత్తు పెరుగుతుంటే మన మీదికే. అయినా ఒక మబ్బు చల్లారుతుంటే దాని పక్కనే కొత్తది లేస్తుంది. అందుకని పది నిమిషాలకోసారి కొలవడం ఆపొద్దు.

చాలామంది ఉరుము వినబడ్డాక కదులుతారు. ఉరుము బాగా వినబడేది పదిహేను కిలోమీటర్ల లోపు నుంచే. గాలి అంచు పది కిలోమీటర్లు ముందుందంటే ఉరుము విన్నవాడికి మిగిలింది పది నిమిషాలు కూడా కాదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కబెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. అది పిడుగు నుంచి మనుషులను కాపాడే లెక్క. వడ్లను కాపాడే లెక్క పిడికిలి.

ఇంత రాడార్ ఉండగా కన్ను ఎందుకని మీ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. హైదరాబాద్ డాప్లర్ రాడార్ లేకపోతే నౌకాస్ట్ అనే మూడు గంటల తక్షణ హెచ్చరికకు ప్రధాన ఆధారం ఉండదు. అయితే రాడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమి వంగుతుంది. అర డిగ్రీ కోణంలో వదిలిన కిరణం నల్గొండ, మహబూబ్‌నగర్ చేరేసరికి నేలకు దాదాపు 1.4 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. గద్వాల మీద 2.7 కిలోమీటర్లు. అలంపూర్ మీద 3.4. మబ్బు తలను అది బాగా చూస్తుంది. నేలను తాకుతూ పరుచుకునే చల్లగాలి అంచు కిరణం కిందనుంచి పోతుంది. దక్షిణానికి పోయేకొద్దీ ఈ గుడ్డితనం పెరుగుతుంది. ఆ ఖాళీని ఊళ్లో ఉన్న మనిషి కన్ను, మండలంలో ఉన్న గాలి మీటరు మాత్రమే పూడ్చగలవు.

ఇంకో గందరగోళం జూన్, జూలైలలో జరుగుతుంది. రుతుపవనాలు బలపడ్డప్పుడు నేలకు ఒకటి ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి ఉధృతంగా వీస్తుంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే ఆ వేగం కిందికి దిగుతుంది. మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి వైపు రోజుల తరబడి 30, 40 కిలోమీటర్ల గాలి, మొగులు ఉరుకుతుంది, వాన మాత్రం పడదు. ఈ మబ్బులు చింపిరిగా, కిందుగా, పడమర నుంచి తూర్పుకు వేగంగా కదులుతాయి. గోబీ పువ్వు ఉండదు, దాగలి ఉండదు, ఉరుము ఉండదు. మధ్యాహ్నం హెచ్చు, రాత్రికి తగ్గు. హెచ్చరికలో ఈ గాలికీ మే నెల గాలికీ ఒకే అంకె పడుతుంది. కానీ ఇది నిలకడ గాలి, అది విసురు. వాతావరణ శాఖ నిర్వచనంలో కూడా ఈదురుగాలి అంటే కనీసం గంటకు 29 కిలోమీటర్లు ఉన్నట్టుండి పెరిగి, 40 దాటి, కనీసం ఒక నిమిషం నిలవాలి. నిలకడ గాలిలో మందు కొట్టొద్దని, పుట్టి మీద కృష్ణలోకి మధ్యాహ్నం పోవద్దని చెప్పాలి. విసురు వచ్చే రోజు చెప్పాల్సినవి వేరు. జూన్ అంతా రోజూ అదే సందేశం వస్తే, నిజంగా విసురు వచ్చే రోజున దాన్ని చదివేవాళ్లు ఉండరు.

సాగర్, శ్రీశైలం, జూరాల నీళ్ల మీద పనిచేసేవాళ్లకు ఒక్క మాట ముఖ్యం. పడమటి గాలిలో పెద్ద అలలు లేచేది తూర్పు ఒడ్డు దగ్గర, ఎందుకంటే గాలి నీటి మీద ఎక్కువ దూరం ఉరికి అక్కడికి చేరుతుంది. నడుమ చిక్కినవాళ్లు గాలితో పాటు కొట్టుకుపోయి తూర్పుకు చేరే ముందే, మబ్బు కనబడ్డప్పుడే, పడమటి ఒడ్డు చాటుకు చేరాలి. నీటి మీద నల్లటి గీత కదిలి వస్తుంటే అదే గాలి అంచు.

కొనుగోలు కేంద్రాల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే యాసంగి పంటంతా గాలిదుమారాల నెలల్లోనే కల్లాల్లో ఉంటుంది. రైతు పొద్దున్నుంచే పరదా కప్పి ఉంచలేడు. తేమ 17 శాతానికి దిగితేనే కాంటా అవుతుంది, దానికి ఎండ కావాలి. కప్పితే ఆరవు, కప్పకపోతే కొట్టుకుపోతాయి. ఈ చిక్కును విప్పేది సమయం ఒక్కటే. ఒక కేంద్రంలో ముప్పై కుప్పలు, నలుగురేసి ఉన్న రెండు జట్లు ఉన్నాయనుకోండి. కుప్ప సరిగ్గా కట్టడానికి పది నిమిషాలు. మొత్తం నూటయాభై నిమిషాలు. ఉరుము విన్నాక మొదలుపెడితే రెండు కుప్పలు కూడా పూర్తి కావు. మూడు పిడికిళ్ల దగ్గర మొదలుపెడితే నాలుగు కుప్పలు కడతారు, ఇరవై ఆరు పోతాయి. ఒక్క పిడికిలి దగ్గర మొదలుపెట్టినా రెండు జట్లు చాలవు, రైతులు కనీసం ఇంకో జట్టుగా కలవాలి. కాబట్టి హెచ్చరిక ఉన్న రోజు మధ్యాహ్నం ఒంటిగంటకే ప్రతి కుప్పకు గాలి వచ్చే వైపు అంచు కట్టి పెట్టుకోవాలి, మిగతా పరదా మడిచి పక్కన ఉంచాలి. మబ్బు ఒక్క పిడికిలి కాగానే లాగి కట్టడమే మిగులుతుంది.

కట్టడంలో కూడా తప్పు జరుగుతున్నది. ముప్పై అడుగులు, ఇరవై నాలుగు అడుగుల పరదా కిందికి 50 కిలోమీటర్ల గాలి దూరితే ఎనిమిది వందల కిలోల బరువుతో లేపుతుంది. అది ఇరవై వడ్ల బస్తాల బరువు. మూలకో రాయి పెట్టడం వల్ల లాభం లేదు, పైగా పరదాతో పాటు ఆ రాయి కూడా లేస్తుంది. గాలి కిందికి దూరకుండా చేయడమే మార్గం. గాలి వైపు అంచును జానెడు లోతు కాలువలో పెట్టి మట్టితో పూడ్చాలి. మట్టి లేని సిమెంటు కల్లంలో నిండు బస్తాలను సందు లేకుండా వరుసగా పరవాలి. కుప్ప మీద అడ్డదిడ్డంగా తాళ్లు బిగించాలి. రెండు పరదాలు కలిసే చోట గాలి వైపు పరదా పైన ఉండాలి, దాని అంచు గాలి పోయే వైపుకు ఉండాలి. తిరగేస్తే ఆ అతుకే నోరు తెరుస్తుంది. కుప్పలను పోసేటప్పుడే పొడవు పడమర తూర్పుగా పోస్తే గాలికి అడ్డు తగ్గుతుంది. ఇది ఖర్చు లేని పని, కేంద్రం తెరిచిన రోజే ముగ్గు వేసి చూపించవచ్చు.

రేకుల విషయంలో అందరూ చేసేది రేకు మీద రాళ్లు పెట్టడం. పది అడుగుల రేకు పదిహేను కిలోలకు మించి తూగదు. 60 కిలోమీటర్ల గాలి దాన్ని యాభై కిలోలకు పైగా లేపుతుంది, అంచుల్లో, మూలల్లో ఇంకా ఎక్కువ. రాయి ఆపదు, పక్కింటివాళ్ల మీద పడుతుంది. అంచు వరుసల్లో, మూలల్లో బోల్టులను నడిమి వరుసల కంటే సగం దూరంలో వేయాలి. తుప్పు పట్టిన హుక్కులు, పగిలిన వాషర్లు ఎండాకాలం రాకముందే మార్చాలి. గాలి వైపు తలుపు, కిటికీలు మూయాలి. అవి తెరిచి ఉండి ఎదుటివైపు మూసి ఉంటే గాలి లోపల నిండి కింది నుంచి నెడుతుంది, పైనుంచి ఎటూ లాగుతూనే ఉంటుంది, రెండూ కలిసి రేకును ఊడగొడతాయి. కోళ్ల ఫారాల్లో పక్క పరదాలకు కూడా ఇదే సూత్రం.

కట్టుబడి గోడలకు ఇంకా సులువైన నియమం చాలు: హెచ్చరిక ఉన్న సాయంత్రం, స్లాబు లేని గోడకు దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల మనుషులు ఉండొద్దు. గాలి వచ్చే వైపు కూడా. మేస్త్రీలకు, ఇంటి యజమానులకు ఈ మాటను పంచాయతీ కార్యదర్శి అనుమతి కాగితం ఇచ్చేటప్పుడే చెప్పవచ్చు. పెళ్లి పందిళ్లు, స్వాగత తోరణాలు, సభల షామియానాలు కూడా ఈ కోవలోవే. పక్క గుడ్డలు విప్పేసి గాలిని పోనివ్వాలి, జనాన్ని పందిరి కింద నుంచి పక్కా భవనంలోకి పంపాలి.

తోటలకు చెప్పేది కొద్దిగానే ఉంది. గాలి హెచ్చరిక ఉన్న రోజు బత్తాయికి, మామిడికి నీళ్లు పెట్టొద్దు. తడి నేల వేళ్లను వదిలేస్తుంది. తెగిన కరెంటు తీగ కనబడితే పది మీటర్ల దూరంలోనే ఆగి, 1912కు ఫోన్ చేయాలి.

మీ నుంచి మేము కోరేది ఏమిటంటే, వాతావరణ కేంద్రం సందేశాన్ని యథాతథంగా గ్రూపుల్లోకి తోయడం మానండి. అందులోని గాలి భాగాన్ని వేరు చేసి, పని చెప్పే మాటల్లో పంపండి. ఉదాహరణకు ఇట్లా: “ఈరోజు సాయంత్రం 4 నుంచి 7 మధ్య ఉన్నట్టుండి గాలి. విసురు 50 నుంచి 60. ముందు గాలి, తర్వాత వాన. మబ్బు పడమర, వాయవ్యం వైపు చూడండి. వడ్ల పరదాల గాలి అంచు ఒంటిగంటకల్లా కట్టండి. కడుతున్న గోడల దగ్గర, రేకుల కింద ఎవరూ ఉండొద్దు.” దిక్కు ప్రతిరోజూ మారుతుంది. వేసవిలో ద్రోణి ఎక్కడ సాగి ఉందో, పై గాలి ఎటు నుంచి ఉందో వాతావరణ శాఖ బులెటిన్‌లోనే ఉంటుంది. జిల్లా కంట్రోల్ రూంలో ఒక్కరు దాన్ని చదివి దిక్కు రాయగలిగితే చాలు. హెచ్చరికలకు వేసే రంగుల అర్థం కూడా ఒక్క ముక్కలో జత చేయండి: పసుపు అంటే కనిపెట్టుకొని ఉండడం, నారింజ అంటే సిద్ధమవడం, ఎరుపు అంటే పని ఆపి కదలడం. ఇప్పుడు నారింజ చూసినవాళ్లు ఎరుపు దాకా ఆగుతున్నారు. గాలి విషయంలో సిద్ధమవడానికి పట్టే సమయమే అసలు సమయం.

ప్రతి కొనుగోలు కేంద్రంలో మబ్బు చూసే మనిషి ఒకరు ఉండాలి. ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) మహిళా సంఘాల సభ్యులు తూకం, తేమ మీటరు ఇప్పటికే చూసుకుంటున్నారు. పిడికిలి లెక్క వాళ్లకు గంటలో వస్తుంది. మార్చి 23 ప్రపంచ వాతావరణ దినం, యాసంగి కోతలకు సరిగ్గా ముందు వస్తుంది. ఆ రోజున ప్రతి మండలంలో ఆరుబయట ఒక గంట ఈ పాఠం పెట్టించండి. గోబీ పువ్వు, దాగలి, అరుగు మబ్బు, వేలాడే వాన కుచ్చుల ఫొటోలు నాలుగు ముద్రించి ప్రతి కేంద్రంలో తేమ మీటరు పక్కనే అంటించండి.

వెనక్కి సమాచారం పోయే దారి కూడా కావాలి. గాలి మీటరు లేని ఊరు కూడా వేగం చెప్పగలదు. దుమ్ము, కాగితాలు లేస్తే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల మధ్య. పెద్ద కొమ్మలు ఊగి, తీగలు ఈల వేస్తే 40 నుంచి 50. చెట్టు మొత్తం ఊగి, ఎదురు నడవడం కష్టమైతే 50 నుంచి 61. రెమ్మలు విరిగితే 62 పైన. పెంకులు లేస్తే 75 పైన. చెట్లు వేళ్లతో లేస్తే 90 చుట్టూ. ఊరి పేరు, సమయం, ఈ గుర్తుల్లో ఒకటి, గాలి వచ్చిన దిక్కు, ఈ నాలుగూ కంట్రోల్ రూంకు వస్తే, గాలి అంచు పోయే దారిలో ఉన్న తర్వాతి మండలానికి ఇరవై నిమిషాలు ముందు కబురు అందుతుంది. నారాయణపేటలో చెట్లు ఊగిన సంగతి మహబూబ్‌నగర్‌కు గాలి చేరేలోపు తెలియాలి.

చివరగా గాలి మీటర్లు. రాష్ట్ర ప్రణాళికా సంస్థ ఆధ్వర్యంలో మండలాల్లో ఉన్న ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. గాలిని కొలవాల్సిన ప్రామాణిక ఎత్తు 10 మీటర్లు, అదీ చుట్టూ అడ్డు లేని చోట. కేంద్రం పెట్టిన నాడు లేని చెట్టు, ప్రహరీ, కొత్త భవనం ఇప్పుడు పక్కనే లేచి ఉంటే ఆ మీటరు సగం గాలినే చూపిస్తుంది, మనం ఆ అంకెను నమ్ముతాం. గాలికి తిరగాల్సిన గిన్నెలు తిరగని మీటరు సున్నా చూపిస్తుంది, గాలి లేదని రాసుకుంటాం. మీ ఏడు జిల్లాల్లో ప్రతి కేంద్రాన్ని మార్చి 15లోగా ఒక మనిషి వెళ్లి చూడాలి: గిన్నెలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయా, దిక్కు చూపే రెక్క ఉత్తరానికి సరిగ్గా ఉందా, బ్యాటరీ మబ్బు రోజుల్లో నిలుస్తున్నదా, అడ్డంకి ఉంటే దాని ఎత్తుకు పది రెట్ల దూరంలో మీటరు ఉందా. లేని వాటి జాబితాను మండలాల వారీగా బయట పెట్టండి. ఏ మండలం అంకెను నమ్మవచ్చో, ఎక్కడ కన్నునే నమ్ముకోవాలో ఏప్రిల్ మొదటి కోతకు ముందే తెలుసుకుంటాం.

ఇట్లు,
ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొగులును, గాలిని గమనించే కొందరం